‘పైవాడు చూసుకుంటాడులే’కి ఎన్ని మార్కులు?

గాజువాకలో మా పెద్దమ్మ ఇంటి వసారాలో కూర్చుని, చెల్లి ప్రాజెక్టు కోసం క్షమాగుణం మీద ప్రశ్నలు చదువుతున్నాను. “వాళ్లకు చెడు జరగాలని ఉందా? ఒకటి నుంచి ఐదులో ఎంత?” వాటాల్లో అన్యాయం చేసిన మరిది గురించే అని ఆవిడకు తెలుసు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, “నేనెందుకు కోరుకుంటానమ్మా, పైవాడు చూసుకుంటాడులే” అంది. ఒకటి వేయాలా? ఐదా?

ఆ ప్రశ్న ‘ట్రిమ్’ అనే కొలమానంలోది. మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ మెకల్లఫ్ బృందం 1998లో అమెరికాలో ప్రచురించిన ఆ 12 వాక్యాల్లో ఏడు దూరంగా ఉండటం గురించి, ఐదు కక్ష గురించి. ఆ రెండూ తగ్గితే క్షమించినట్టు లెక్క. కానీ ఉమ్మడి చుట్టరికాల్లో దూరంగా ఉండటం మన చేతిలో ఎక్కడుంది? మొన్న మాఘంలో ఆ మరిది కూతురి పెళ్లిలో పెద్దమ్మే పులిహోర వడ్డించింది, మారు కూడా అడిగింది. ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నడత మార్చుకోవాలని నిర్ణయించుకోవడం వేరు, మనసులో మంట చల్లారడం వేరని ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ ఎప్పుడో విడదీశారు. పెద్దమ్మలో మొదటిది పూర్తయింది, రెండోది మొదలైందో లేదో. ట్రిమ్‌లో ఈ తేడా కనపడదు.

అనువాదం ఇంకో చిక్కు. తెలుగులోకి మార్చి, మరొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి పోల్చే పద్ధతి 1970లో పరిశోధకుడు బ్రిస్లిన్ వివరించినప్పటి నుంచీ వాడుకలో ఉంది. మంచిదే. అయితే ‘క్షమించు’, ‘మన్నించు’, ‘పోనివ్వు’ మూడూ వెనక్కి వెళ్తే ఒకే ఇంగ్లిష్ మాట కావచ్చు. మన్నించడంలో మన్నన ఉంది, పెద్దల మాటను కూడా మన్నిస్తాం. పోనివ్వడంలో ఒక్కోసారి అలసట తప్ప ఏమీ ఉండదు. క్షమను కొలిచే మరో పరిశోధకుడు రాబర్ట్ ఎన్‌రైట్ తన 60 ప్రశ్నల జాబితాలో ‘క్షమ’ అన్న మాటే ఎత్తకుండా అడుగుతారు, అది తెలివైన పని. అయినా పులిహోర చిక్కు తీరదు.

ప్రశ్నల పొందికను చూపే ‘క్రోన్‌బాక్ ఆల్ఫా’ అనే అంకె 0.9 వచ్చిందని మురిసిపోయే పరిశోధకులకు నా మనవి ఒక్కటే. జవాబులు ఒకదానితో ఒకటి పొసిగాయని ఆల్ఫా చెబుతుంది. ఏది కొలిచామో చెప్పదు. ప్రశ్నలు రెండుచోట్లా ఒకే అర్థంతో పనిచేస్తున్నాయని, అంకెలు రెండుచోట్లా ఒకే చోటు నుంచి మొదలవుతున్నాయని తేల్చకుండా విశాఖ సగటును అమెరికా సగటు పక్కన పెట్టి ‘వీళ్లు ఎక్కువ క్షమిస్తారు’ అనడం తప్పు. ముందు పదిమందిని కూర్చోబెట్టి, ఆ అంకె ఎందుకు వేశారో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి.

నేను 3 వేసి, పక్కన పెద్దమ్మ మాట రాశాను. ఎక్సెల్‌లోకి 3 మాత్రమే వెళ్లింది.