అడగకుండా అక్షరాలు కుదించొద్దు
నిన్న రాత్రి పాఠం కోసం పవర్‌పాయింట్‌లో తెలుగు స్లైడ్లు చేస్తూ కూర్చున్నాను. పెట్టెలో ఇంకో రెండు వాక్యాలు చేర్చానో లేదో, అక్షరాల సైజు దానంతటదే తగ్గిపోయింది. నేను పెట్టింది 28, అది చేసింది 24, తర్వాత 20. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు చివరి బెంచీ పిల్లలకు మచ్చల్లా కనిపిస్తాయి. పోనీ ఆపేద్దామంటే ఆ సెట్టింగ్ ఫాంట్ దగ్గర లేదు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్... తప్పులు దిద్దే చోట పెట్టారు! అక్కడ ఉంటుందని ఎవరికి తడుతుంది? వెతికేసరికి పదకొండున్నర. కుదించే ముందు ఒక్క మాట అడగొచ్చు కదా! 14 స్లైడ్లూ ఒక్కొక్కటిగా మళ్లీ సరిచేసుకున్నాను.