బర్నబా మాటతో ఆగలేదు
ప్రోత్సాహం అంటే సమయానికి చెప్పే ఒక మంచి మాట అని ఒక వ్యాసంలో చదివాను. నిజమే కానీ అది సగమే అనిపిస్తుంది నాకు. తొలి క్రైస్తవుల్లో ఒకడైన బర్నబానే చూడండి. మన తెలుగు బైబిల్లో ఆ పేరుకు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం ఇచ్చారు. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే బెదిరింపులా వినిపిస్తుంది గానీ, అక్కడ దాని అర్థం ధైర్యం చెప్పడం, ఆదరించడం. యెరూషలేములో శిష్యులందరూ, ఒకప్పుడు తమను హింసించిన సౌలును (ఇతనే తర్వాత పౌలు) చూసి భయపడుతుంటే, బర్నబా అతన్ని వెంటబెట్టుకుని సంఘానికి పెద్దలైన అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లాడు. సువార్త ప్రయాణంలో తమను మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కును పౌలు వద్దన్నా, బర్నబా తనతో పాటు కుప్ర ద్వీపానికి ఓడ ఎక్కించుకున్నాడు. తర్వాత చెరసాల నుంచి పౌలే ఆ మార్కును తీసుకురమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు. నేను ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు తప్పినప్పుడు సిగ్గుతో నెల రోజులు చర్చికి వెళ్లలేదు. 'ప్రార్థన చేస్తున్నాంలే' అని చాలామంది అన్నారు, వాళ్లది మంచి మనసే. కానీ సండే స్కూల్ చూసే ఆంటీ ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి, పరీక్షల ఊసే ఎత్తకుండా, అట్ట ఊడిపోయిన హాజరు పుస్తకం నా చేతిలో పెట్టి, "వచ్చే ఆదివారం నుంచి చిన్నపిల్లల క్లాసు నువ్వే చూడాలమ్మా" అన్నారు. ఫెయిలైన నన్ను నమ్మి పదిహేను మంది పిల్లల్ని అప్పగించారు. ఆవిడ వెళ్లాక చాలాసేపు ఏడ్చాను. ఆ ఆదివారం అందరికంటే ముందే చర్చిలో ఉన్నాను.