ఒరలోంచి పిడి దూసిన వీరుడు

ఆదివారం జరిగింది. ఇవాళ బుధవారం. అరచేతికి అంటిన ఎర్ర మరక కొబ్బరినూనెకీ పోలేదు, కిరసనాయిలుకీ పోలేదు.

గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్లింట్లో మేనకోడలికి పెళ్లిచూపులు. తెనాలి నుంచి అబ్బాయి తరఫువాళ్లు తొమ్మిదిమంది వచ్చారు. నేను బెజవాడ నుంచి వెళ్లింది స్వీట్లు మోసుకెళ్లడానికి మాత్రమే. ఇది ముందే చెప్పడం మంచిది.

ఆ ఇంటి హాల్లో టీవీ పైన గోడకి ఒక పాత కత్తి వేలాడుతూ ఉంటుంది. ఎవరొచ్చినా మా బావగారు మంచినీళ్లకంటే ముందు దాన్నే చూపిస్తారు. "కొండవీటి రెడ్డిరాజులది" అంటారు. ఆయన లెక్కలో పాతదైతే చాలు, కొండవీటిదే. అటక మీదున్న ఇత్తడి గంగాళం కొండవీటిదే, ఒక కాలు విరిగిన కవ్వం స్టాండూ కొండవీటిదే. అక్క పెళ్లికి మా నాన్న కొనిచ్చిన రోలుని కూడా ఈమధ్య కొండవీటికి పంపించేస్తున్నారు.

అబ్బాయి మేనమామ లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారట. మెత్తగా అడిగారు, "రెడ్డిరాజులదని ఎలా తేల్చారండీ?" అని. బావగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా బామ్మర్ది చెబుతాడు. వాడు సాలార్‌జంగ్ మ్యూజియం రెండుసార్లు చూశాడు" అన్నారు.

ఇదీ నా అర్హత. రెండోసారి వెళ్లింది మొదటిసారి మర్చిపోయిన గొడుగు కోసం.

ఊరుకుంటే పోయేది. కానీ నాలుగు పుస్తకాలు తిరగేసిన వాడికి తొమ్మిదిమంది శ్రోతలు దొరికితే ఊరుకుంటాడా? కొండవీటి రెడ్ల రాజ్యం 1424లోనే ముగిసిందనీ, ఇలా వంపు తిరిగి, ఇనప పిడి చివర సాసర్ లాంటి బిళ్ల ఉన్న తల్వార్లు మొగలాయీల కాలంలో దేశమంతా పాకాయనీ చెప్పాను. బావగారి మొహం చూడకుండా చెప్పాను. పిడి ఆకారాన్ని బట్టి ఉదయపురీ, జోధ్‌పురీ అని పేర్లు పెట్టారు గానీ, సిపాయి జీతం ఎక్కువిచ్చే కొలువుకి కత్తితో సహా పోతాడు కాబట్టి పేరు చూసి ఊరు తేల్చలేమన్నాను. అలుగు, అదే కోసే రేకు, ఒక ఊళ్లో, పిడి ఇంకో ఊళ్లో తయారవడమూ మామూలే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మన బందరులో దుకాణం పెట్టారు కదా, అలా యూరప్ అలుగులు ఓడల్లో వచ్చేవి. వాటికి ఇక్కడి పిడి తొడిగితే అదే ఫిరంగీ కత్తి. ఇటు నుంచేమో నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషువాళ్ల నోళ్లలో పడి 'ఊట్జ్' అయిందంటారు.

లెక్చరర్‌గారు అంతా విని, "అయితే ఇదెక్కడిదండీ?" అన్నారు.

"పిడి మీద వెండిపని కనిపిస్తే కొంత చెప్పొచ్చండీ" అన్నాను. కొంప ముంచింది ఆ మాటే.

ఏటా దసరాకి పూసిన పసుపూ కుంకుమా ఆముదమూ కలిసి ఆ పిడి మీద నల్లటి పెచ్చు కట్టింది. బావగారు నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, కాఫీకి కాగుతున్న నీళ్లు గిన్నెతో తెచ్చి, "పట్టుకోవోయ్" అన్నారు. ఒర పట్టుకుని నేను నిలబడ్డాను, ఆయన పిడి మీద ధార కట్టారు. నల్లమురికి కరిగింది. దాని వెనకే, పిడికీ అలుగుకీ మధ్య సందులోంచి, చిక్కగా, ఎర్రగా ఏదో ఊరడం మొదలుపెట్టింది.

"శత్రువుల రక్తం!" అన్నారు బావగారు.

అన్నది నాతో కాదు, హాల్లోకి పరిగెత్తి వాళ్లందరితో. నాకు మాత్రం ఏదో తెలిసిన వాసన తగిలింది. యుద్ధం వాసన కాదు. చిన్నప్పుడు కిటికీ దగ్గర క్యూలో నిలబడ్డప్పటి వాసన. ఏమిటా అని ఆలోచించే లోపల "తీసుకురావోయ్, అందరూ చూస్తారు!" అని కేక.

వెళ్లాను. హాలు మధ్య నిలబడ్డాను. ఎడమచేతిలో ఒర, కుడిచేతిలో పిడి. దూయడం అంటే సినిమాల్లో చూసిందే కదా, కాలు కాస్త ముందుకు వేసి, ఊపిరి బిగబట్టి, సర్రున లాగి చెయ్యి పైకెత్తాను.

ఆశ్చర్యంగా చాలా తేలిగ్గా వచ్చింది.

పైకెత్తిన నా చేతిలో పిడి మాత్రమే ఉంది. అలుగు ఒరలోనే, అది పడుకున్న చోటే ఉంది. నేను మాత్రం పౌరాణిక నాటకంలో పద్యం మర్చిపోయిన వాడిలా పిడి ఎత్తుకుని అలాగే నిలబడ్డాను. దించితే ఊడిందని అందరికీ తెలుస్తుంది, దించకపోతే కాసేపన్నా తెలియదేమో అని ఒక పిచ్చి ఆశ. ఈలోపు ఒర మూతి నుంచి పిడి దాకా ఎర్రటి దారం ఒకటి సాగింది. అరిసెల పాకం చూసేటప్పుడు వేళ్ల మధ్య సాగుతుందే, సరిగ్గా అలా, తీగపాకం. అందరి కళ్లూ ఆ తీగ మీదే. వంటింట్లో కుక్కర్ ఒక విజిల్ వేసింది. ఫ్యాన్ గాలికి తీగ బావగారి వైపు వంగింది, ఇంకాస్త వంగింది, తెగింది. ఆయన కట్టుకున్న మల్లెపువ్వు లాంటి పట్టుపంచె మీద అడ్డంగా పడింది.

"మామయ్యా, కత్తి అంతేనా?" అన్నాడు వాళ్లతో వచ్చిన ఆరేళ్ల పిల్లాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

లెక్చరర్‌గారు లేచి, నా చేతిలోంచి పిడి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని లోపలికి చూశారు. ఇలాంటి కత్తుల పిడిని లక్కతోనే అతికిస్తారు, వేడి తగిలితే జారుతుంది. ఈ ముక్క నేను చదివిందే. చదివీ వేన్నీళ్ల ధార కింద నిలబడ్డాను. తరవాత ఆయన ఒర వంచి అలుగు తోక బయటికి లాగారు. వదులు కాకుండా దానికి ఒక కాగితం చుట్టి ఉంది. విప్పితే మనియార్డరు ఫారం ముక్క. మూల గుండ్రటి ముద్రలో ఊరి పేరు ఇంకా చదవొచ్చు. సత్తెనపల్లి.

బావగారి నాన్నగారు సత్తెనపల్లిలో పోస్టుమాస్టరుగా చేశారు. పార్సిల్ సీలు వేసే లక్క అది! ఆ వాసన అదే!

"అవున్రా, మామయ్యగారి చేతిలోనూ ఓ దసరాకి ఇలాగే ఊడిందని అత్తయ్యగారు చెప్పేవారు" అంది అక్క, వంటింటి గుమ్మంలోంచి, చాలా మామూలుగా. ఇరవై ఏళ్లుగా గోడ మీద వేలాడుతున్న వస్తువు గురించి ఈ ఒక్క ముక్క ఎవరూ నాకు చెప్పలేదు. కొండవీడు మాత్రం మూడొందల సార్లు చెప్పారు.

సంబంధం కుదిరింది, అది వేరే సంగతి. శుక్రవారం తాంబూలాలు. ఈలోగా అతికించి తెమ్మని బావగారు పిడిని పాత తువ్వాలులో చుట్టి నా సంచిలో పడేశారు. నీళ్లు పోసింది ఆయన, అతికించాల్సింది నేను. పంచె డ్రైక్లీనింగ్ బిల్లు కూడా ఫోన్లో ఫొటో తీసి పంపించారు.

ఇవాళ పొద్దున వన్‌టౌన్‌లో నాలుగు షాపులు తిరిగాను. ముగ్గురు ఫెవిక్విక్ ఇచ్చారు. నాలుగో ఆయన లోపలికెళ్లి ఎర్ర లక్క కడ్డీ ఒకటి దుమ్ము దులిపి తెచ్చి, "దేనికండీ?" అన్నాడు.

"పార్సిల్‌కి" అన్నాను.

"ఏ ఊరికి?"

నేను ఊళ్ల పేర్లు చెప్పడం మానేసి మూడు రోజులైంది.