రోడ్డుకి ముగ్గురు తక్కువ

రోడ్డంటే ఊరికే వచ్చేది కాదు, తలలు కావాలి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్పింది: మైదానంలో 500 తలలు, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 250. దీన్ని ఎగతాళి చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. పెళ్లి భోజనాలకైనా తలలు లెక్కపెట్టే కదా కేటరింగ్ వాడికి చెబుతాం!

మన పాత విశాఖ జిల్లా ఏజెన్సీలో, అంటే 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒక గూడేనికి 247 మంది ఉన్నారనుకోండి. ముగ్గురు తక్కువ. పక్క గూడేన్ని కలిపి లెక్కేయించుకోవచ్చు, కొండల్లో నడకదారిన కిలోమీటరున్నర లోపుంటే చాలు. ఉంది కూడా. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు, ఉంది, అంతే. వానాకాలమంతా రెండు గూడేలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కూచుంటాయి. కాగితం తడవదు కాబట్టి పథకానికి ఇబ్బంది లేదు.

కాదంటే పిల్లల్ని కనాలి. అదీ సర్కారుకి ఇష్టమే. ఇద్దర్ని మించి కన్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని 2024లో ఎత్తేసింది. అయితే కనడానికి ఆసుపత్రికి వెళ్లాలి. ఆసుపత్రికి వెళ్లడానికి రోడ్డు కావాలి. రోడ్డు కావాలంటే కనాలి.

అందుకే డోలీ. పొడుగాటి కర్ర, దుప్పటి రెండు కొసలూ దానికి ముడి. ముందొకరు, వెనకొకరు, భుజం కాయలు కాస్తే మార్చుకోడానికి ఇంకో ఇద్దరు. పక్కన తల్లి, లోపలున్న పిల్ల మొహాన ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంటూ, రాళ్లు చూసుకుంటూ నడుస్తుంది. 108 బండి తారు ఆగిపోయిన చోట ఆగి ఉంటుంది. రోడ్డుకి 250 మంది కావాలి, డోలీకి నలుగురు చాలు. ఆ నలుగురు కుర్రాళ్లూ విశాఖపట్నం మధురవాడలో సెంటరింగ్ పనిలో ఉన్నారు. రెండో అంతస్తు కూడా ఎక్కలేని మాలాంటి వాళ్ల కోసం లిఫ్టు గొయ్యి కడుతున్నారు.

పోనీ, ఎలాగో కన్నారే అనుకుందాం. 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగో దశకి కూడా ఆధారం 2011 జనాభా లెక్కలే. 2021లో జరగాల్సిన జనగణన 2027కి వాయిదా పడింది. కాబట్టి 2011 లెక్క తర్వాత పుట్టిన పిల్ల పదో తరగతికి వచ్చినా, రోడ్డు దృష్టిలో ఇంకా పుట్టలేదు. పుట్టని పిల్ల రోజూ బడికి నడిచి వెళుతోంది.

ఆ 2011 లెక్కల పుస్తకంలోనే ప్రతి ఊరికీ బస్సు గడి ఉంటుంది. బస్సు ఊళ్లోకి రాకపోతే అయిదు కిలోమీటర్ల లోపుకి ‘ఎ’, పది లోపుకి ‘బి’, ఆపైన ‘సి’. పది దాటాక ఎన్నయినా ‘సి’నే. అక్కడితో ప్రభుత్వానికి కాళ్లు నొప్పెట్టినట్టున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగులో టికెట్టు లేదు. ‘సి’ ఊళ్లకి ఈ సౌకర్యం ముందునుంచీ ఉంది, బస్సే లేదు కనక.

మొన్న సంత నుంచి దిగుతున్న జీపులో, కోళ్లని మినహాయించి, ఇరవై ముగ్గురం. రోడ్డుకి చాలని జనం జీపుకి మిగిలిపోయారు. నా తొడమీద సగం కూచున్న ముసలమ్మకి ఈ నియమమంతా ఓపిగ్గా చెప్పాను. ఆవిడ వేళ్లు ముడుస్తూ ఆలోచించింది.

“మా ముసిలోడు పోయి నాలుగేళ్లయినాది బాబూ. ఆడ్ని లెక్కలోంచి తీసీసినారేటి?”

“లేదు మామ్మా. 2011లో ఉన్నాడు కాబట్టి ఇప్పటికీ ఉన్నట్టే.”

“ఉండనీ బాబూ,” అంది, కోడిపుంజు కాళ్లు బిగించి పట్టుకుంటూ. “ఆడికయితే నడిసే పని నేదు.”