నష్టం మెట్లకు ఎర్ర రంగు

పెయింటరు అడ్వాన్సు తీసుకుని అన్నవరంలో పెళ్లికని వెళ్లాడు. ఆ పెళ్లి ఇంకా జరుగుతూనే ఉన్నట్టుంది, ఫోను ఎత్తడం లేదు. మా ఆవిడ శ్రావణమాసం నోములకని పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు. నాలుగు ఉప్పుకాగితాలు కొన్నాను, ఒక వీడియో చూశాను, మెట్ల పని నేనే మొదలుపెట్టాను.

మెట్లంటే 1984లో మా నాన్నగారు కాకినాడలో ఈ ఇల్లు కట్టించినప్పటివి. సిమెంటులో రెడ్ ఆక్సైడ్ కలిపి, ముఖం కనిపించేంత నున్నగా రుద్దించారు. ఇప్పుడు అడుగు పడే చోటల్లా ఎరుపు పోయి బూడిద రంగు తేలింది. పక్కన ఇనప గ్రిల్లు. ఆ రోజుల్లో మా వెల్డరుకు హంసలంటే వల్లమాలిన ఇష్టం. మెట్టుకో హంస చొప్పున పదిహేడు హంసలు పెట్టాడు, ప్రతిదానికీ బయటికి పొడుచుకొచ్చిన ముక్కు. సముద్రపు గాలికి వాటిలో సగం తుప్పు పట్టాయి, ముక్కులు మాత్రం చెక్కుచెదరలేదు.

గీకడం, రుద్దడం, కడగడం, ప్రైమరు వేయడం అన్నీ అయ్యాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు, అడిగితే నా నడుము చెబుతుంది.

రంగుల కొట్టులో అతను ఎనామిల్ డబ్బాలు ఇస్తూ, “నాలుగు గంటల్లో ఆరిపోతుంది సార్, పైన డాన్సు చేసుకోవచ్చు” అన్నాడు. నాకు డాన్సు చేసే ఉద్దేశం లేదు, నడిస్తే చాలు. ఇంటికొచ్చాక డబ్బా వెనక భూతద్దానికి కూడా లొంగని అక్షరాల్లో అసలు సంగతి కనిపించింది. నాలుగు గంటలన్నది వేలితో తాకితే అంటుకోకుండా ఉండటానికట. గట్టిపడాలంటే రాత్రంతా ఆగాలి, గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. శ్రావణమాసంలో కాకినాడ గాలిలో తేమ ఉంటుందని ఆ కొట్టతనికి తెలియదా? అతని కొట్టు కూడా ఇదే ఊళ్లో ఉంది కదా!

పదిహేడు మెట్లకూ ఒకేసారి వేస్తే పైకి దారి ఉండదు. కాబట్టి ఒకటి విడిచి ఒకటి వేయాలి. ఇది వీడియోలో ఆయన చెప్పిన చిట్కా. ఉదయం గ్రిల్లుకు నల్ల రంగు వేసి, మధ్యాహ్నం పైనుంచి దిగుతూ సరి సంఖ్య మెట్లకు ఎరుపు వేశాను. చిట్కాలో లోపమేమీ లేదు. కాకపోతే ఆ వీడియోలో మెట్లు చెక్కవి, దేశం వేరు, పైగా ఆయన ప్యాంటు వేసుకుని ఉన్నాడు.

నేను లుంగీలో ఉన్నాను.

కిందికి దిగి చూసుకుంటే ఎనిమిదో మెట్టు అంచున చిన్న ముక్క తప్పిపోయింది. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో బ్రష్షు పట్టుకుని ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి మెట్ల మీదుగా ఎక్కాను. ముందు కాలు ఏడో మెట్టు మీద పెట్టాను, వెనక కాలు ఇంకా అయిదు మీదే ఉంది. అప్పుడు వెనక నుంచి ఎవరో సుతారంగా పట్టుకున్నట్టయింది. అయిదో మెట్టు హంస నా లుంగీ అంచును ముక్కుతో అందుకుంది.

హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. మనిషినీ లుంగీనీ కూడా వేరు చేయగలదని చెప్పలేదు. ముందుకు కదిలితే నడుం దగ్గర ముడి జారుతుంది. డబ్బా కింద పెడదామని వంగినా జారుతుంది. వెనక్కి దిగుదామంటే మెట్టు ఏడున్నర అంగుళాల ఎత్తు, నేను వెనక్కి వేయాల్సింది రెండు మెట్ల అడుగు, అంటే పదిహేను అంగుళాలు. పట్టుకోవడానికి ఉన్నది పచ్చి రంగు గ్రిల్లు ఒక్కటే. బ్రష్షు కొస నుంచి ఎర్ర చుక్క ఒకటి ఊరుతోంది. దాన్ని డబ్బాలోకి పడేలా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పొట్ట మాత్రం బయటికి ఉబ్బించి నిలబడ్డాను. ఆ క్షణంలో నా మర్యాదను కాపాడుతున్నది ఆ పొట్టే. దాన్ని తగ్గించమని ఏడాదిగా పోరుతున్న డాక్టరుగారు ఆ దృశ్యం చూసి ఉండాల్సింది.

వీధి తలుపు తీసే ఉంది. పక్కింటి బాబాయిగారు పేపరు కోసం వచ్చారు.

ఆయన రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అంటే శాఖ ఆయన్ను వదిలింది కానీ, ఆయన శాఖను వదల్లేదు. నన్ను ఆపాదమస్తకం చూసి, నా పరిస్థితి తప్ప మిగతావన్నీ గమనించారు.

“ఒరే అబ్బాయ్, మెట్టు ఎత్తు నూట తొంభై మిల్లీమీటర్లు దాటకూడదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ అదే చెబుతోంది. మీ నాన్న సరిగ్గా నూట తొంభై దగ్గర ఆపాడు, చూశావా?”

“బాబాయిగారూ, కాస్త ఇలా...”

“వెడల్పు రెండువందల యాభైకి తగ్గకూడదు. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే మనిషి అడుగు రావాలి. పదిహేడో శతాబ్దంలోనే బ్లాండెల్ అనే ఫ్రెంచాయన చెప్పాడు. ఇప్పుడు నువ్వు మెట్టు విడిచి మెట్టు ఎక్కుతున్నావు. అంటే ఎత్తు మూడువందల ఎనభై, వెడల్పు అయిదువందలు, మొత్తం పన్నెండువందల అరవై. అది మనిషి అడుగు కాదురా!”

అది నా కాళ్లు అప్పటికే ఒప్పుకున్నాయి. నేను లుంగీ సంగతి చెప్పబోయేలోపు ఆయన వేలు పెట్టి మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లాభం, నష్టం, లాభం, నష్టం... తొమ్మిదో మెట్టు తర్వాత, మెట్లు మలుపు తిరిగే చతురం దగ్గర వేలు ఆగింది. చతురాన్ని మెట్టుగా లెక్కించాలా వద్దా అన్నది ఈ ఇల్లు కట్టినప్పటి నుంచీ ఆయనకూ మా నాన్నగారికీ తెగని తగవు. లెక్కిస్తే పద్దెనిమిది, నష్టం. లెక్కించకపోతే పదిహేడు, లాభం. నాన్నగారు పోయాక ఆ తగవుకు రెండో పక్షం కరవైంది. ఆయన నా వంక ఆశగా చూశారు.

“నలభై ఏళ్లుగా లాభంలోనే ఉన్నాం బాబాయిగారూ” అన్నాను, ముడి ఒక వేలెడు జారుతుండగా.

“సరే, పదిహేడే అనుకుందాం” అని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి, హఠాత్తుగా ముఖం గంభీరంగా పెట్టారు. “అయితే నువ్వు ఏరికోరి నష్టం మెట్లన్నిటికీ ఎర్ర రంగు వేశావేమిట్రా!”

వాస్తు, ఇంజనీరింగు రెండూ ఒకే మనిషిలో ఉండటం సమాజానికి మంచిది కాదు. గట్టిగా అరిచాను: “బాబాయిగారూ, లుంగీ! హంస!”

అప్పటికి అర్థమైంది ఆయనకు. “ముందే చెప్పొద్దూ?” అంటూ నన్నే కోప్పడి, కాపాడటానికి బయల్దేరారు. పెద్దాయన, మోకాళ్ల నొప్పులు. మెట్టు విడిచి మెట్టు ఎక్కడం బ్లాండెల్ ఒప్పుకోడు కదా! ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ ప్రతి మెట్టూ ఎక్కి వచ్చారు. నేను “రెండు! నాలుగు!” అని కేకలు పెడుతుంటే, తనతోపాటు నేనూ లెక్కపెడుతున్నానని సంతోషించారు. హంస ముక్కు నుంచి అంచు విడిపించి, “చూశావా, ఎంత తేలికో” అని అదే దారిన దిగిపోయారు. కింద మొజాయిక్ గచ్చు మీద ఎర్ర పాదాలు కనబడ్డాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు.

“ఇంకా ఆరలేదా? ఎనామిల్ నాలుగు గంటల్లో ఆరాలే!”

వీళ్లందరికీ ఈ నాలుగు గంటలు ఎవరు నూరిపోశారో!

అర లీటరు టర్పెంటైన్ ఆయన పాదాలకే సరిపోయింది. పాదపూజ అయ్యాక టీ తాగారు, పేపరు చంకలో పెట్టుకుని మెట్ల వంక మరోసారి పరీక్షగా చూశారు. “కృష్ణాష్టమి వస్తోంది కదా, పైకెక్కే పాదాలు ఉంచెయ్. దిగే పాదాలు మాత్రం చెరిపెయ్యి, ఇంట్లోంచి బయటికి వెళ్తున్నట్టుంటే మంచిది కాదు.” బాలకృష్ణుడి పాదాలు ఆ సైజులో ఉంటే యశోద ఎలా ఎత్తుకునేదో నాకైతే ఊహకందలేదు. పైగా ఎక్కినవీ దిగినవీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందులో ఏది కృష్ణుడిదో ఏది బాబాయిగారిదో విడదీయాలంటే మళ్లీ ఆ హంసే దిక్కు.

మిగిలిన తొమ్మిది లాభం మెట్లకూ రంగు వేసే రోజున కబురు చేయమన్నారు. దగ్గరుండి వేయిస్తారట.