సవరణ: గ్రాండ్ కాన్యన్ దారిలో కుళాయిలు

అమెరికా వెళ్తున్న మన వైజాగ్ ట్రెక్కింగ్ మిత్రుల కోసం మొన్న రాసినదాంట్లో, గ్రాండ్ కాన్యన్ లోయలోకి దిగే సౌత్ కైబాబ్ దారిలో మధ్యమధ్య మంచినీళ్ల కుళాయిలుంటాయన్నాను. తప్పు నాదే, రెండు దారుల్నీ కలిపేశాను. కుళాయిలున్నది లోయలోకే దిగే ఇంకో దారి, బ్రైట్ ఏంజెల్‌లో. అక్కడా కొన్ని చలికాలంలో కట్టేస్తారు. సౌత్ కైబాబ్‌లోనైతే లోయ అడుగున, కొలరాడో నది దగ్గరి క్యాంపు దాకా సుమారు 11 కిలోమీటర్లు తాగడానికి చుక్క దొరకదు, నీడా తక్కువే. పార్కు వాళ్ల అధికారిక సమాచారంలో చూసి చెబుతున్నాను.

సింహాచలం మెట్లయితే ముందు ఎక్కుతాం, ఒళ్లు అలిశాక దిగుతాం. గ్రాండ్ కాన్యన్‌లో అంతా తలకిందులు: దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే ఎండ నెత్తి మీద ఉంటుంది. అందుకే ‘లీటరు సీసా ఒక్కటి చాలు’ అన్న ముక్క కూడా కొట్టేయండి.