వాడి, ఉతికి వెనక్కి పంపిన కోటుకు డబ్బు ఇవ్వను

ఈ మధ్యాహ్నం వచ్చిన పార్సిల్ విప్పినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. మేము అమ్మిన మైనపు కోటు వాపసు వచ్చింది. కారణం ఒక్క ముక్కలో రాశారు: వాన నీళ్లు ఆగడం లేదట. ఎలా ఆగుతాయి? వాషింగ్ మెషీన్‌లో వేసి సబ్బు పొడితో ఉతికేశారు! అది మైనం పట్టించిన నూలు గుడ్డ. నీటిని ఆపేదే ఆ మైనం. వేడినీళ్లు, సబ్బు తగిలితే అది పోతుందని, చల్లని తడిగుడ్డతో తుడిస్తే చాలని లోపలి జేబు మీదే పట్టీ కుట్టించాం. ఆ పట్టీ ఇప్పుడు వెలిసిపోయి ఉంది. వీపు మీద తెల్లటి చారలు. జేబు మూల కుట్టులో ఎండుగడ్డి పరక ఇరుక్కుని ఉంది. వానాకాలమంతా పొలంలో తిరిగిన కోటది. పైగా పూర్తి డబ్బు ఇవ్వకపోతే నలుగురికీ చెబుతామని బెదిరింపు.

చిన్న బ్రాండ్లు నడిపేవాళ్లందరూ పడుతున్న బాధే ఇది. నోరు విప్పితే చాలు, ఎవరో ఒకరు అమెరికాలో తన పేరుతోనే బూట్ల, బట్టల సంస్థ పెట్టిన ఎల్.ఎల్.బీన్ కథ ఎత్తుకుంటారు. 1912లో ఆయన అమ్మిన మొదటి 100 జతల వేట బూట్లలో 90 జతలు, రబ్బరూ తోలూ కలిసేచోట ఊడిపోయి వెనక్కి వచ్చాయి. అందరికీ డబ్బు తిరిగి ఇచ్చి, అప్పు చేసి, మళ్లీ బాగా తయారుచేశాడు. ఆ మనిషికి దండం పెడతాను. కానీ అక్కడ లోపం బూటుది. మా కుట్టు ఊడితే నేనూ మారు మాట లేకుండా డబ్బు ఇస్తాను. ఈ కథ చెప్పేవాళ్లు 2018 ఊసు మాత్రం ఎత్తరు. ఎన్నేళ్లయినా వెనక్కి తీసుకుంటామన్న ఆ బీన్ సంస్థే, అరిగిపోయినవి మోసుకొచ్చేవాళ్లను భరించలేక గడువును ఏడాదికి కుదించింది. అంత పెద్ద సంస్థకే భారమైంది మేమెలా మోస్తాం?

వాపసు ఉచితం చేయండి, డిస్కౌంట్ పెట్టండి, అప్పుడే ఎదుగుతారు అంటారు. ఏ డబ్బుతో? మా డబ్బంతా తానుల్లో ఉంటుంది. ఒక్క రంగు కావాలన్నా మిల్లు చెప్పినంత గుడ్డ కొనాల్సిందే. చలికాలంలో అమ్మే కోటుకు ఎండాకాలంలోనే డబ్బు కట్టాలి. ప్రతి నమూనానూ అన్ని సైజుల్లో కుట్టించాలి. నడిమి సైజులు అమ్ముడుపోతాయి, మరీ చిన్నవీ మరీ పెద్దవీ అరల్లో మిగిలిపోతాయి. మా లాభం ఆ అరల్లోనే ఉండిపోతుంది. ఇక వాడి పడేసిన కోటు ఒక్కటి వెనక్కి వచ్చినా, దాన్ని పూడ్చడానికి ఎన్ని కోట్లు అమ్మాలో లెక్క వేసి చూడండి.

అసలు ఈ అలవాటు నేర్పింది పెద్ద దుకాణాలే. ఆ మాట వస్తే నాకు పాత గాయం రేగుతుంది. ఒక పెద్ద దుకాణం వాళ్లు మా నమూనాలు తెప్పించుకుని, తెగ మెచ్చుకుని, చూసి చెబుతామన్నారు. చెప్పనూ లేదు, తిరిగి ఇవ్వనూ లేదు. మరుసటి చలికాలానికి వాళ్ల అద్దాల వెనక మా కోటే వేలాడుతోంది! అదే కాలరు, అదే వాలు జేబు. ఆ జేబు వాలు కోసం మేము ఎంత తంటాలు పడ్డామో! గొర్రెలు కాసే ఒకాయన చేతితొడుగులు తీయకుండానే చెయ్యి దూరాలని అడిగితే, విప్పి కుట్టి, విప్పి కుట్టి కుదిర్చాం. వాళ్ల కోటు జేబులో వేళ్లు కూడా పూర్తిగా దూరవు. గుడ్డ పాలియెస్టర్. దాని మీద పల్లె జీవనం అని బొమ్మ ఒకటి.

హారిస్ ట్వీడ్ అనే ఉన్ని గుడ్డ పేరును కాపాడడానికి బ్రిటన్ 1993లో ఏకంగా చట్టమే చేసింది. స్కాట్లాండ్‌లోని ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో, నేతగాళ్లు తమ ఇళ్లలో చేత్తో నేసిన గుడ్డకే ఆ పేరు చెల్లుతుంది. మరి మా కోటు కత్తిరింపుకూ మా జేబుకూ కాపలా ఎవరు? లాయరును పెట్టుకునే స్తోమత ఉంటే ఆ డబ్బుతో ఇంకో తాను కొనుక్కుంటాం.

ఇక మీదట ముందుగా డబ్బు కట్టనిదే ఏ దుకాణానికీ నమూనా వెళ్లదు. ఈ కోటుకు మళ్లీ మైనం పట్టించి ఇస్తాను, మైనం ఖర్చు వాళ్లదే. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వను. నలుగురికీ చెబుతామన్నారుగా, చెప్పుకోనివ్వండి. ముందుగా నేనే చెప్పేశాను.